ఉన్న డేటా ఉన్నట్టే ఉంచి సి డ్రైవ్‌ను విడదీయడం

కొత్త లాప్‌టాప్ తెరిచి ‘దిస్ పీసీ’లోకి వెళ్తే చాలావాటిలో ఇప్పుడు కనిపించేది ఒక్క సి డ్రైవే. షాపులో అసెంబుల్ చేయించుకున్న పాత సిస్టమ్‌లలో సి, డి, ఇ, ఎఫ్ అని నాలుగైదు డ్రైవ్‌లుండేవి. సినిమాలు ఒకదాంట్లో, పాటలు ఒకదాంట్లో, ఆఫీసు పని ఇంకోదాంట్లో. విండోస్ పాడైతే షాపతను సి డ్రైవ్ ఒక్కటీ ఫార్మాట్ కొట్టి ఇచ్చేవాడు, తక్కినవి చెక్కుచెదరకుండా ఉండేవి. ఇప్పుడు విండోసూ సాఫ్ట్‌వేర్లూ పిల్లల ఫొటోలూ టాలీ లెక్కలూ పొలం కాగితాల స్కాన్‌లూ అన్నీ ఒకేచోట ఉంటున్నాయి. అందుకే చాలామంది సి డ్రైవ్‌లోంచి కొంత జాగా తీసి డి డ్రైవ్ చేసుకుందామనుకుంటారు. అనుకుని, ఉన్నది కాస్తా పోతుందేమోనని ఆగిపోతారు.

ఆ భయానికి ఒకప్పుడు కారణం ఉండేది. విండోస్ 98 కాలంలో పార్టిషన్ కొలత మార్చాలంటే ఎఫ్‌డిస్క్‌తో ఉన్నదాన్ని చెరిపి మళ్లీ చేసుకోవడమే. డబ్బు పెట్టి పార్టిషన్ మ్యాజిక్ లాంటి సాఫ్ట్‌వేర్ కొనుక్కున్నవాళ్లకే వేరే దారి ఉండేది. 2007లో విస్టాతో పాటు ఆ సదుపాయం విండోస్‌లోకే వచ్చేసింది. సిస్టమ్ నడుస్తుండగానే సి డ్రైవ్‌ను కుదించవచ్చు, లోపలి ఫైళ్లు లోపలే ఉంటాయి. విండోస్ 10లోనూ 11లోనూ అదే పద్ధతి, దాదాపు అవే తెరలు. కుదించడానికి పట్టేది కొద్ది నిమిషాలు. ఈలోగా ఏం జరిగినా డేటా చేతిలో ఉండేలా ఏర్పాటు చేసుకోవడానికి పట్టేది ఒక పూట. ఆ పూట మిగుల్చుకుందామనుకున్నవాళ్లే ఎక్కువగా నష్టపోతారు. కాబట్టి ఈ అధ్యాయంలో ఎక్కువ చోటు దానికే ఇస్తున్నాను.

అసలు విడదీయాలా

ముందు మీ డిస్క్ ఎంతో చూసుకోండి. డబ్బా మీద 512 జీబీ అని రాసి ఉన్నది విండోస్‌లో 476గా కనిపిస్తుంది, 1 టీబీ 931గా కనిపిస్తుంది. ఎవరూ ఏదీ తగ్గించలేదు. తయారీదారు ఒక జీబీ అంటే 100 కోట్ల బైట్లని లెక్క కడతాడు, విండోస్ 107 కోట్ల పైచిలుకు అని లెక్క కడుతుంది. అంతే తేడా.

256 జీబీ ఎస్‌ఎస్‌డీ ఉన్నవాళ్లకు నా సలహా ఒక్కటే, విడదీయకండి. అందులో మీకు దక్కేది 238. విండోస్ పెద్ద అప్‌డేట్‌లు వచ్చినప్పుడల్లా సి డ్రైవ్‌లో పదుల జీబీల ఖాళీ అడుగుతాయి. సాఫ్ట్‌వేర్లు ఏటికేడు పెరుగుతాయే తప్ప తగ్గవు. సగానికి విడదీస్తే కొన్నాళ్లకే సి నిండి ఎర్ర గీత వస్తుంది, పక్కన డిలో ఖాళీ ఉన్నా విండోస్‌కు అక్కరకు రాదు. 512 ఉంటే సికి 200 జీబీకి తగ్గకుండా ఉంచండి. 1 టీబీ ఉన్నవాళ్లు సికి 300 ఉంచి మిగతాది నిశ్చింతగా డికి ఇచ్చుకోవచ్చు. వేగం కోసం మాత్రం విడదీయవద్దు. ఎస్‌ఎస్‌డీలో పార్టిషన్లు రెండున్నా అయిదున్నా వేగంలో తేడా తెలియదు.

ఇక అందరికీ స్పష్టంగా చెప్పాల్సిన సంగతి ఒకటుంది. డి డ్రైవ్ చేసుకున్నాం కదా, ఫొటోలన్నీ అందులో పెట్టాం కదా, ఇక భయం లేదు అనుకునేవాళ్లు చాలామంది ఉన్నారు. డి అనేది రెండో డిస్క్ కాదు. అదే డిస్క్‌లో ఇంకో భాగం. డిస్క్ చెడిపోతే రెండూ కలిసే పోతాయి. లాప్‌టాప్ దొంగలు ఎత్తుకెళ్లినా, నీళ్లు ఒలికి బోర్డు కాలినా అంతే. విండోస్ పాడై మళ్లీ ఎక్కించాల్సి వచ్చినప్పుడు మీ ఫైళ్లు దారికి అడ్డం రాకుండా పక్కన ఉంటాయి, డి డ్రైవ్ ఇచ్చే రక్షణ అంతవరకే. అదీ తక్కువ లాభమేమీ కాదు. కానీ దాన్ని బ్యాకప్ అనుకోవడం వల్లే ఎన్నో ఇళ్లలో పెళ్లి ఫొటోలు పోయాయి.

ముందు ఒక నకలు

ఒక ఎక్స్‌టర్నల్ హార్డ్ డిస్క్ తెచ్చుకోండి. పెన్‌డ్రైవ్ మీద భారం వేయకండి, పెద్ద ఫోల్డర్లకు అది తగదు.

కాపీ చేయాల్సినవి ఎక్కడున్నాయో వెతకడం దగ్గరే ఎక్కువమంది తప్పిపోతారు. డాక్యుమెంట్స్, పిక్చర్స్, డౌన్‌లోడ్స్ అందరికీ గుర్తుంటాయి. డెస్క్‌టాప్ మీద ఉన్నవి కూడా సి డ్రైవ్‌లో ఉన్న ఫైళ్లేనని చాలామందికి తట్టదు. సి డ్రైవ్‌లో యూజర్స్ అనే ఫోల్డర్ తెరిచి, అందులో మీ పేరున్న ఫోల్డర్ మొత్తాన్నీ కాపీ చేస్తే ఇవన్నీ కలిసి వస్తాయి. ఆపైన మీ వృత్తిని బట్టి చూసుకోవాలి. టాలీ వాడేవాళ్ల కంపెనీ డేటా మీ పేరున్న ఫోల్డర్‌లో ఉండకపోవచ్చు. కంపెనీ ఎంచుకునే తెర మీద దాని దారి కనిపిస్తుంది, అది చూసి ఆ ఫోల్డర్‌ను విడిగా తీసుకోండి, టాలీలోనే ఉన్న బ్యాకప్ కూడా ఒకసారి కొట్టండి. డీటీపీ సెంటర్ నడిపేవాళ్లు పేజ్‌మేకర్ ఫైళ్లు మాత్రమే దాచుకుంటే చాలదు. అను ఫాంట్లలో కంపోజ్ చేసిన శుభలేఖ ఆ ఫాంట్లు లేని సిస్టమ్‌లో తెరిస్తే తెలుగు బదులు అర్థంలేని ఇంగ్లిష్ అక్షరాలూ గుర్తులూ కనిపిస్తాయి. కాబట్టి ఫాంట్లూ, వాటి ఇన్‌స్టలేషన్ ఫైళ్లూ, లైసెన్స్ వివరాలూ కూడా నకలులో ఉండాలి. అవుట్‌లుక్‌లో మెయిల్స్ దింపుకునేవాళ్లు ఆ మెయిల్ ఫైల్ ఎక్కడుందో అవుట్‌లుక్ అకౌంట్ సెట్టింగ్స్‌లో డేటా ఫైల్స్ దగ్గర చూడండి. బ్రౌజర్‌లో దాచిన పాస్‌వర్డులు మీ గూగుల్ అకౌంట్‌తో సింక్ అవుతున్నాయో లేదో కూడా చూసుకోండి.

వన్‌డ్రైవ్ ఉన్నవాళ్లు మరింత జాగ్రత్తగా ఉండాలి. కొత్త లాప్‌టాప్ సెటప్ చేసేటప్పుడు గబగబా ‘నెక్స్ట్’ కొట్టుకుంటూ పోతే డెస్క్‌టాప్, డాక్యుమెంట్స్, పిక్చర్స్ వన్‌డ్రైవ్‌లోకి వెళ్లిపోయి ఉండొచ్చు. ఫైల్ పక్కన ఆకుపచ్చ టిక్ ఉంటే అది మీ డిస్క్‌లో ఉన్నట్టు. మబ్బు గుర్తు ఉంటే పేరు మాత్రమే ఇక్కడ, ఫైల్ సర్వర్‌లో. దాన్ని కాపీ చేస్తే ముందు నెట్ నుంచి దిగాలి, నెట్ లేకపోతే కాపీ ఆగిపోతుంది. ఉచితంగా ఇచ్చే చోటు 5 జీబీ నిండిపోయాక కొత్త ఫైళ్లు పైకి వెళ్లవు. పైగా సింక్ అయ్యే ఫోల్డర్‌లో ఇక్కడ చెరిపితే అక్కడా చెరిగిపోతుంది. అందుకని వన్‌డ్రైవ్ ఉన్నా సరే, బయటి డిస్క్ మీద నకలు తీయాల్సిందే.

కాపీ అయిపోయిందని తెర మీద చూపగానే లేచి వెళ్లిపోకండి. అసలు ఫోల్డర్ మీద రైట్ క్లిక్ చేసి ప్రాపర్టీస్ తెరవండి, నకలు ఫోల్డర్‌దీ తెరవండి. రెండు కిటికీలనూ పక్కపక్కన పెట్టి ఫైళ్ల సంఖ్య, బైట్లలో ఉన్న సైజు సరిపోల్చండి. కాపీ మధ్యలో ఏదో ఒక ఫైల్ పేరు మరీ పొడవైందనో, వేరే ప్రోగ్రామ్‌లో తెరిచి ఉందనో విండోస్ అడిగినప్పుడు మనం ‘స్కిప్’ కొట్టి మరిచిపోతాం. ఆ తేడా ఈ అంకెల్లోనే బయటపడుతుంది. తర్వాత ఆ హార్డ్ డిస్క్‌ను ఇంకో కంప్యూటర్‌కు పెట్టి, పాత ఫొటో ఒకటి, పెద్ద వీడియో ఒకటి, ఎక్సెల్ ఫైల్ ఒకటి నిజంగా తెరిచి చూడండి. తెరుచుకుంటేనే అది బ్యాకప్. చూశాక హార్డ్ డిస్క్‌ను లాప్‌టాప్ నుంచి పీకేసి బీరువాలో పెట్టండి. పార్టిషన్ పని అయ్యేవరకూ దాన్ని మళ్లీ తగిలించవద్దు. రెండు డిస్క్‌లు ఒకే తెర మీద కనిపిస్తున్నప్పుడే మనం పొరపాటున రెండోదాని మీద క్లిక్ చేస్తాం.

వీలైతే ఇంకో పని కూడా చేసుకోండి. స్టార్ట్ మెనూలో రికవరీ డ్రైవ్ అని వెతికితే, విండోస్ తెరుచుకోని రోజున వాడుకునే పెన్‌డ్రైవ్ తయారుచేసే సాధనం వస్తుంది. 32 జీబీ పెన్‌డ్రైవ్ అయితే ఇబ్బంది ఉండదు. అందులో ముందున్నవన్నీ చెరిగిపోతాయి కనుక ఖాళీదే పెట్టండి.

48 అంకెల తాళంచెవి

ఇటీవలి లాప్‌టాప్‌లలో సి డ్రైవ్‌కు మనకు తెలియకుండానే తాళం పడి ఉంటుంది. బిట్‌లాకర్ అంటారు, హోమ్ ఎడిషన్‌లో డివైస్ ఎన్‌క్రిప్షన్ అనే పేరుతో ఉంటుంది. విండోస్ 11లో 24హెచ్2 వచ్చినప్పటి నుంచి, మైక్రోసాఫ్ట్ అకౌంట్‌తో కొత్తగా సెటప్ చేసిన కంప్యూటర్లలో ఇది తనంతట తనే ఆన్ అవుతోంది. రోజూ పాస్‌వర్డ్ కొట్టి లోపలికి వెళ్లేవాళ్లకు దాని ఉనికే తెలియదు. బూట్ వ్యవహారంలో ఏదైనా మార్పు జరిగిందని అనుమానం రాగానే మాత్రం నీలం తెర వేసి 48 అంకెల రికవరీ కీ అడుగుతుంది. అది లేకపోతే మీ ఫైళ్లు డిస్క్‌లో భద్రంగా ఉన్నా మీకు అందవు. ఏ షాపతనూ, ఏ ఇంజనీరూ వాటిని తెరవలేడు.

విండోస్ నడుస్తుండగా దాని సొంత సాధనంతో సి డ్రైవ్‌ను కుదించడానికి బిట్‌లాకర్ అడ్డురాదు. అయినా కీ చేతిలో లేకుండా మొదలుపెట్టవద్దని గట్టిగా చెబుతున్నాను. సెట్టింగ్స్‌లో ప్రైవసీ అండ్ సెక్యూరిటీకి వెళ్లి డివైస్ ఎన్‌క్రిప్షన్ ఆన్‌లో ఉందేమో చూడండి. ఉంటే, ఫోన్‌లో బ్రౌజర్ తెరిచి మైక్రోసాఫ్ట్ అకౌంట్‌లోకి వెళ్లండి, మీ డివైస్‌ల జాబితాలో ఈ లాప్‌టాప్ కింద రికవరీ కీ దొరుకుతుంది. కాగితం మీద రాసుకోండి. కీ పక్కనే కీ ఐడీ అని ఉంటుంది, దాని మొదటి ఎనిమిది అక్షరాలూ రాసుకోండి. నీలం తెర మీద అదే ఐడీ చూపిస్తుంది, ఇంట్లో రెండు మూడు కంప్యూటర్లుంటే ఏ కీ దేనిదో దాన్ని బట్టే తెలుస్తుంది.

మన ఇళ్లలో తరచూ వచ్చే చిక్కు ఇక్కడే. ఆ అకౌంట్ ఎవరిది? లాప్‌టాప్ కొన్న రోజున షాపులో కుర్రాడు తన ఈమెయిల్‌తో సెటప్ చేసి ఇచ్చి ఉంటే కీ అతని అకౌంట్‌లో ఉంటుంది. డల్లస్‌లో ఉన్న అబ్బాయి సంక్రాంతికి వచ్చినప్పుడు నాన్నగారికి సెటప్ చేసి పెట్టి ఉంటే అబ్బాయి అకౌంట్‌లో ఉంటుంది. నీలం తెర వచ్చాక అర్ధరాత్రి ఫోన్లు చేయడం కన్నా ఇప్పుడే అడిగి తెప్పించుకోండి. దొరక్కపోతే పార్టిషన్ సంగతి పక్కన పెట్టి ముందు ఆ కీ సంగతి తేల్చుకోండి. అదే సెట్టింగ్‌లో ఎన్‌క్రిప్షన్ ఆఫ్ చేస్తే డిస్క్ మొత్తం తాళం విప్పుకుంటుంది. సైజును బట్టి కాస్త సమయం తీసుకుంటుంది, పూర్తయ్యేదాకా ఓపిక పట్టాలి. తర్వాత మీ సొంత అకౌంట్‌తో మళ్లీ ఆన్ చేసుకోవచ్చు.

మరో రెండు జాగ్రత్తలు చిన్నవి. లాప్‌టాప్‌కు చార్జర్ పెట్టే ఉంచండి, డెస్క్‌టాప్ అయితే యూపీఎస్ లేకుండా చేయవద్దు. ఫైళ్లు జరుగుతుండగా కరెంటు పోవడం మంచిది కాదు. తర్వాత డిస్క్ ఆరోగ్యం. సి డ్రైవ్ మీద రైట్ క్లిక్ చేసి ప్రాపర్టీస్‌లో టూల్స్ కింద చెక్ కొట్టండి. క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో అనే ఉచిత సాధనంతో చూస్తే ఇంకా మంచిది. అది పసుపు రంగులో కాషన్ అని గానీ ఎరుపులో బ్యాడ్ అని గానీ చూపిస్తే, లేదా పాత హార్డ్ డిస్క్ లోపల టకటకమని చప్పుడు వస్తుంటే, ఆ డిస్క్‌కు పార్టిషన్ అవసరం లేదు, దాని స్థానంలో కొత్త డిస్క్ అవసరం.

ఇప్పుడు కుదించడం

విండోస్ బటన్, ఎక్స్ కలిపి నొక్కితే ఒక జాబితా తెరుచుకుంటుంది, అందులో డిస్క్ మేనేజ్‌మెంట్ ఎంచుకోండి. కింది సగంలో డిస్క్ 0 అని ఒక వరస, అందులో నాలుగైదు గదులు కనిపిస్తాయి. మొదట 100 లేదా 260 ఎంబీల చిన్న గది, ఈఎఫ్ఐ అని రాసి ఉంటుంది. కంప్యూటర్ ఆన్ కాగానే విండోస్‌ను నిద్రలేపే ఫైళ్లు అందులోనే ఉంటాయి. తర్వాత పెద్దది సి. దాని తర్వాత రికవరీ అనే చిన్నది. కొన్ని కంపెనీల లాప్‌టాప్‌లలో ఇంకొకటో రెండో ఉంటాయి. చిన్నవే కదా, ఎందుకొచ్చిన గొడవ అని వీటిని డిలీట్ చేసేవాళ్లున్నారు. ఈఎఫ్ఐ పోతే విండోస్ తెరుచుకోదు. రికవరీ పోతే రిపేర్ చేసే తలుపు మూసుకుపోతుంది. 2024 జనవరిలో విండోస్ 10కు వచ్చిన ఒక భద్రతా అప్‌డేట్, రికవరీ పార్టిషన్‌లో చాలినంత ఖాళీ లేదన్న కారణంతోనే ఎన్నో కంప్యూటర్లలో ఎర్రర్ ఇచ్చి ఆగిపోయింది. వాటిని తాకవద్దు.

సి గది మీద రైట్ క్లిక్ చేసి ష్రింక్ వాల్యూమ్ కొట్టండి. విండోస్ కొంతసేపు లెక్కలు వేసుకుని చిన్న కిటికీ తెరుస్తుంది. అందులో నాలుగు వరసలుంటాయి. మొదటిది ఇప్పుడు సి మొత్తం ఎంత. రెండోది అందులోంచి తీయగలిగింది ఎంత. మూడోది మీరు నింపాల్సిన గడి. నాలుగోది కుదించాక సి ఎంత మిగులుతుంది. అన్నీ ఎంబీల్లోనే.

ఈ మూడో గడి దగ్గరే తొందర పనికిరాదు. అక్కడ ముందే ఒక అంకె రాసి ఉంటుంది, తీయగలిగినంతా తీసేద్దామన్న అంకె అది. చూడకుండా ష్రింక్ కొడితే సి డ్రైవ్‌కు ఊపిరాడనంత తక్కువ మిగులుతుంది. రెండో పొరపాటు, సికి ఎంత ఉండాలో ఆ అంకె అక్కడ వేయడం. అక్కడ వేయాల్సింది డికి ఎంత కావాలో. 200 జీబీల డి కావాలంటే 200ను 1024తో హెచ్చించి 204800 వేయాలి. 250 కావాలంటే 256000. అంకె వేయగానే నాలుగో వరస మారుతుంది. దాన్ని 1024తో భాగిస్తే సికి మిగిలేది జీబీల్లో తెలుస్తుంది. ఫోన్‌లో క్యాలిక్యులేటర్ తెరిచి ఆ లెక్క ఒకసారి చేసి, మీరు అనుకున్నదే వచ్చాక ష్రింక్ కొట్టండి. కొట్టాక మౌస్ వదిలేయండి. తెర కదలనట్టు కనిపించినా లోపల పని జరుగుతూనే ఉంటుంది. ఎస్‌ఎస్‌డీలో త్వరగా అయిపోతుంది, పాత హార్డ్ డిస్క్‌లో చాలాసేపు పట్టవచ్చు.

చాలామందికి ఎదురయ్యే చికాకు రెండో వరసలో ఉంటుంది. సిలో 300 జీబీ ఖాళీ ఉన్నా తీయగలిగింది 40 జీబీయే అంటుంది. పొలంలో గట్టు లోపలికి జరపాలంటే, ఆవలివైపు పడబోయే పంటను ముందు ఇవతలికి తెచ్చుకోవాలి. విండోస్ కూడా చివర్లో ఉన్న ఫైళ్లను ఇలాగే ముందుకు జరుపుతుంది. కానీ కొన్ని ఫైళ్లను నడుస్తున్న విండోస్ తానే కదపలేదు. హైబర్నేషన్ కోసం ర్యామ్‌ను దాచే ఫైల్, ర్యామ్ చాలనప్పుడు వాడుకునే పేజ్‌ఫైల్, సిస్టమ్ రిస్టోర్ దాచుకున్న నకళ్లు అలాంటివి. వాటిలో ఒక్కటి డిస్క్ మధ్యలో కూర్చున్నా గట్టు అక్కడే ఆగిపోతుంది.

ఇలాంటప్పుడు వాటిని తాత్కాలికంగా తీసేయాలి. స్టార్ట్‌లో కమాండ్ ప్రాంప్ట్ వెతికి, రన్ యాజ్ అడ్మినిస్ట్రేటర్‌గా తెరిచి, పవర్‌సీఎఫ్‌జీ అని ఇంగ్లిష్‌లో కలిపి రాసి, ఒక ఖాళీ వదిలి స్లాష్ హెచ్, మరో ఖాళీ వదిలి ఆఫ్ అని కొడితే హైబర్నేషన్ ఫైల్ మాయమవుతుంది. సిస్టమ్ ప్రాపర్టీస్‌లో అడ్వాన్స్‌డ్, పెర్ఫార్మెన్స్, వర్చువల్ మెమరీ దారిలో వెళ్లి పేజింగ్ ఫైల్ లేకుండా చేయండి. సిస్టమ్ ప్రొటెక్షన్ కూడా ఆఫ్ చేయండి, పాత రిస్టోర్ పాయింట్లు పోతాయి, అది తెలిసే చేయండి. రీస్టార్ట్ చేసి మళ్లీ ష్రింక్ తెరిస్తే సాధారణంగా అంకె బాగా పెరిగి ఉంటుంది. ఇంకా పెరగకపోతే ఈవెంట్ వ్యూయర్‌లో అప్లికేషన్ లాగ్ చూడండి. అందులో 259 నంబరు నమోదులో, దారికి అడ్డం పడిన చివరి ఫైల్ ఏదో విండోస్ పేరుతో సహా రాసి పెడుతుంది. ఏ వెబ్‌సైట్‌లో చెప్పిన చిట్కా కన్నా మీ కంప్యూటర్ గురించి అది చెప్పేదే నిజం.

అప్పటికీ కుదరకపోతే వచ్చినంతతో సర్దుకోమంటాను. ఉచితంగా దొరికే పార్టిషన్ సాఫ్ట్‌వేర్లు కంప్యూటర్‌ను రీస్టార్ట్ చేసి, విండోస్ తెరుచుకోకముందే ఆ ఫైళ్లనూ కదపగలవు. మంచివీ ఉన్నాయి. పెన్‌డ్రైవ్ నుంచి నడిచే జీపార్టెడ్ ఎంతోకాలంగా నమ్మకంగా వాడుతున్నదే. కానీ బిట్‌లాకర్ తాళం ఉన్న సి డ్రైవ్‌ను అలా బయటి నుంచి కదపాలనుకోకండి. ఫాస్ట్ స్టార్టప్ ఆన్‌లో ఉంటే విండోస్ పూర్తిగా ఆగకుండా సగం నిద్రలో ఉంటుంది, ఆ స్థితిలో బయటి సాధనాలు డ్రైవ్‌ను ముట్టకూడదు. షిఫ్ట్ నొక్కి పట్టుకుని షట్‌డౌన్ కొడితేనే పూర్తిగా ఆగుతుంది. ఇంత తతంగం 20 జీబీ ఎక్కువ రావడానికైతే అవసరం లేదు.

డి డ్రైవ్ పుట్టాక

ష్రింక్ పూర్తయ్యాక సి పక్కన నల్ల గీత ఉన్న గది వస్తుంది, అన్‌అలొకేటెడ్ అని రాసి ఉంటుంది. దాని మీద రైట్ క్లిక్, న్యూ సింపుల్ వాల్యూమ్. అడిగినవాటికి ఉన్నవే ఉంచుకుంటూ ముందుకు వెళ్లండి. ఎన్‌టీఎఫ్‌ఎస్, క్విక్ ఫార్మాట్ టిక్, పేరు మీ ఇష్టం. ఫార్మాట్ అనే మాట చూసి ఉలిక్కిపడకండి, ఇక్కడ ఫార్మాట్ అయ్యేది ఆ ఖాళీ గది మాత్రమే. మధ్యలో ఒక్కోసారి విడిగా ఇంకో కిటికీ తెరుచుకుని ఈ డ్రైవ్‌ను ఫార్మాట్ చేయాలా అని అడుగుతుంది, దాన్ని క్యాన్సిల్ చేసి అసలు విజార్డ్‌నే పూర్తి చేయండి.

పాత కంప్యూటర్లలో మాత్రం ఒక హెచ్చరిక రావచ్చు. 1983 నాటి ఎంబీఆర్ పద్ధతిలో ఉన్న డిస్క్‌లో నాలుగు ప్రైమరీ పార్టిషన్లకు మించి పట్టవు. అప్పటికే నాలుగుంటే, డిస్క్‌ను డైనమిక్‌గా మార్చేస్తాను, సరేనా అని విండోస్ అడుగుతుంది. నో కొట్టండి. మారిస్తే వెనక్కి రావడం కష్టం, ఇతర సాధనాలు చాలావరకు దాన్ని చదవలేవు. కొత్త లాప్‌టాప్‌లలో ఉండే జీపీటీలో 128 పార్టిషన్ల దాకా చేసుకోవచ్చు, ఆ పట్టికకు డిస్క్ చివర మరో నకలు కూడా ఉంటుంది. మీది ఏదో తెలియాలంటే డిస్క్ 0 అన్న చోట రైట్ క్లిక్, ప్రాపర్టీస్, వాల్యూమ్స్.

ఫైళ్లను డిలోకి తరలించడానికి కట్ చేసి పేస్ట్ చేయకండి. కాపీ చేసి, తెరిచి చూసి, తర్వాత అసలును తీసేయండి. డాక్యుమెంట్స్, పిక్చర్స్ లాంటి ఫోల్డర్లకు ఇంకా మంచి దారి ఉంది. ఫోల్డర్ మీద రైట్ క్లిక్ చేసి ప్రాపర్టీస్‌లో లొకేషన్ దగ్గర కొత్త చోటు ఇస్తే విండోస్ తానే తరలించి, ఇక మీదట సేవ్ చేసేవన్నీ అక్కడికే పంపుతుంది. డిలో ముందు ఒక ఫోల్డర్ చేసి దాన్ని చూపించండి. నేరుగా డిని చూపిస్తే డ్రైవ్ మొత్తం డాక్యుమెంట్స్ అయిపోతుంది, సరిచేయడానికి తిప్పలు పడాలి. వన్‌డ్రైవ్‌లో బ్యాకప్ అవుతున్న ఫోల్డర్‌కు ఈ మార్పు చేయాలంటే ముందు ఆ బ్యాకప్‌ను వన్‌డ్రైవ్ సెట్టింగ్స్‌లో ఆపాలి. సాఫ్ట్‌వేర్లను మాత్రం తరలించకండి. ప్రోగ్రామ్ ఫైల్స్‌లోని ఫోల్డర్‌ను ఎత్తి డిలో పెడితే ఆ సాఫ్ట్‌వేర్ పనిచేయదు.

ఆఫ్ చేసినవి గుర్తుపెట్టుకుని ఆన్ చేయండి. పేజింగ్ ఫైల్, సిస్టమ్ ప్రొటెక్షన్, కావాలంటే హైబర్నేషన్. కొత్త డి మీద బిట్‌లాకర్ తాళం గుర్తు ఉందో లేదో చూసుకోండి. సిలో తాళం ఉండి డిలో లేకపోతే, లాప్‌టాప్ పోయిన రోజున మీ కాగితాల స్కాన్‌లు ఎవరికైనా తెరుచుకుంటాయి.

మ్యాక్ వాడేవాళ్లకు ఈ పని ఇంత లేదు. 2017లో హై సియెరాతో వచ్చిన ఏపీఎఫ్‌ఎస్‌లో ఒకే కంటెయినర్‌లోని వాల్యూమ్‌లన్నీ ఖాళీని ఉమ్మడిగా పంచుకుంటాయి. డిస్క్ యుటిలిటీలో ప్లస్ గుర్తు నొక్కి వాల్యూమ్ చేర్చుకుంటే చాలు, కొలతలు వేయక్కర్లేదు, ఏదీ కుదించక్కర్లేదు. ఆపిల్ కూడా చాలా సందర్భాల్లో పార్టిషన్ కన్నా ఇదే మేలంటుంది. ముందు టైమ్ మెషిన్ బ్యాకప్ మాత్రం అక్కడా తప్పదు.

మళ్లీ విండోస్‌కే వస్తే, అసలు ప్రమాదం ఏడాదికో రెండేళ్లకో విండోస్ కొత్తగా ఎక్కించే రోజున పొంచి ఉంటుంది. సెటప్ తెర మీద సి, డి అనే అక్షరాలు కనిపించవు. డిస్క్ 0 పార్టిషన్ 3, పార్టిషన్ 4 అని అంకెలే ఉంటాయి. రిపేర్ తెరల్లో అక్షరాలు కనిపించినా అవి మారిపోయి ఉండొచ్చు, మీ డి అక్కడ సి అవ్వచ్చు. షాపతను అలవాటుగా డిలీట్, డిలీట్ కొట్టుకుంటూ పోతే డి కూడా పోతుంది. పాత హార్డ్ డిస్క్ అయితే రికవరీ సాఫ్ట్‌వేర్‌తో చాలావరకు వెనక్కి తెచ్చుకునే అవకాశం ఉండేది. ఎస్‌ఎస్‌డీలో ఫార్మాట్ కాగానే విండోస్ ఆ జాగా అంతా ఇక అక్కర్లేదని డిస్క్‌కు కబురు పెడుతుంది, డిస్క్ దాన్ని నిజంగానే తుడిచేస్తుంది. ఆ తర్వాత ఎవరి దగ్గరికి తీసుకెళ్లినా తిరిగి రావడం కష్టం. అందుకని ఈరోజే డిస్క్ మేనేజ్‌మెంట్ తెరను ఫోన్‌తో ఫొటో తీసి పెట్టుకోండి. ఏ గది ఎంత సైజో అందులో ఉంటుంది. కంప్యూటర్ షాపులో ఇచ్చేటప్పుడు ఆ ఫొటో చూపించి, సైజు చెప్పి, ఇది ముట్టుకోవద్దని చెప్పండి. డి మొదటి నుంచీ గుర్తుపట్టేలా, సి సైజుకు దగ్గరగా లేకుండా చేసుకోవడమూ మంచిదే. రెండూ 238 అయితే ఏది ఏదో ఎవరికైనా తికమకే.

కొన్నాళ్లకు డి వద్దనిపిస్తే వెనక్కి రావడం తేలిక. డిలోని ఫైళ్లన్నీ బయటి డిస్క్‌కు కాపీ చేసి, ఇందాకటిలాగే అంకెలు సరిచూసి, ఫోల్డర్ల లొకేషన్ మళ్లీ సికి మార్చండి. తర్వాత డి మీద రైట్ క్లిక్ చేసి డిలీట్ వాల్యూమ్, ఆపైన సి మీద రైట్ క్లిక్ చేసి ఎక్స్‌టెండ్ వాల్యూమ్. ఖాళీ గది సికి సరిగ్గా కుడిపక్కనే ఉంటేనే ఆ ఎక్స్‌టెండ్ పనిచేస్తుంది, మధ్యలో రికవరీ లాంటిది అడ్డం ఉంటే ఆ మాట బూడిదరంగులో ఉండి నొక్కనివ్వదు. సిలోంచే తీసి చేసుకున్న డి సి పక్కనే ఉంటుంది కాబట్టి మీకు ఆ చిక్కు రాదు.